మోగని చెక్క

ఏ వస్తువునైనా వేలి మెటికతో కొట్టి చూడనిదే సారయ్యకు నమ్మకం కుదరదు. తలుపైనా, మంచమైనా, పుచ్చకాయైనా అంతే. బిడ్డ పెళ్లి మాటలకు పోయినప్పుడు వియ్యంకుల దర్వాజను కూడా అలాగే కొట్టి చూసి, "లోపల పురుగు తిన్నది" అని వాళ్ల ముందే అన్నాడు. సంబంధం కుదిరింది. ఆ మాట మాత్రం వియ్యపురాలు ఇప్పటికీ మరిచిపోలేదు.

ఈ అలవాటు బొగ్గు బాయిలో అబ్బింది. గోదావరిఖనిలో ముప్పై ఒక్క ఏళ్లు అతను టింబర్‌మన్. భూమి లోపల కప్పు కుంగకుండా దిమ్మెలు నిలబెట్టడం పని. దిమ్మె అంటే నేలకూ కప్పుకూ మధ్య ఆనించే కర్ర మొద్దు. నిలబెట్టే ముందు పొడుగాటి కర్రతో కప్పును కొట్టి వినాలి. ఖంగున మోగితే రాయి గట్టిది. డొల్లగా పలికితే పొర విడిపోయిందని అర్థం, అక్కడ నిలబడకూడదు. మోగేది మంచిది, మోగనిది చెడ్డది. ఈ ఒక్క పాఠం మీద అతను తన ప్రాణమూ, తన వెనక వచ్చే వాళ్ల ప్రాణాలూ కాపాడుకుంటూ వచ్చాడు. రిటైరై ఆరేళ్లయింది. అతని చెవి మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది.

క్వార్టర్లకు ఆనుకొని ఉన్న గల్లీలో రెండు గదుల ఇల్లు కట్టుకున్నారు. భార్య సమ్మవ్వది హుజూరాబాద్ దగ్గరి పల్లె. ఆమెకు చదువు రాదు, పాట వచ్చు. నేర్చుకున్న పాటలు కావు, అప్పటికప్పుడు కట్టేవి. బతుకమ్మ చుట్టూ ఆడవాళ్లు తిరుగుతుంటే ఆ ఏడాది గల్లీలో జరిగిందంతా పాటలోకి లాగేది. ఎవరి కోడలు అలిగింది, ఎవరి మేక ఎవరి గోంగూర మేసింది, దుబాయి నుంచి వచ్చినాయన ఎవరింటికి ఏ చీర తెచ్చాడు. ఆమె ఒక వరుస అంటే మిగతా వాళ్లు అదే అందుకోవాలి. అందుకోవాలంటే ముందు మాట వినబడాలి. తెలిసిన పాటైతే వినబడకపోయినా నోరు ఆడించవచ్చు. సమ్మవ్వ పాట ఎవరికీ తెలియదు, ఆమెకే తర్వాతి వరుస తెలియదు.

నిరుడు సద్దుల బతుకమ్మనాడు ఆమె పాట అక్కడే దెబ్బతింది.

మైదానంలో సౌండు దేవదాస్‌ది. ముప్పై ఏళ్లవాడు, ఎత్తైన నల్ల పెట్టెలు ఎనిమిది, రంగు రంగుల లైట్లు, ఒక ట్రాలీ ఆటో. నాలుగేళ్లుగా డీజే పాటలే పెడుతున్నాడు. గుంపు పెరిగింది, దాన్ని దాటి ఒట్టి గొంతు పోదు. పెద్దవాళ్లు అడిగితే నిరుడు సమ్మవ్వకు మైకు ఇచ్చాడు. ఆమె మొదలుపెట్టింది. ఆ పెట్టెల్లోంచి గొంతు వచ్చింది గానీ మాట రాలేదు. బొంబొంబొం అని ఒక మూలుగు. ముందున్న నలుగురు పలికారు, వెనకవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రెండో వరుసకు నలుగురూ ఆగిపోయారు.

దేవదాస్ వచ్చి మైకు కోసం చేయి చాపాడు. "చిన్నమ్మా, నీ గొంతు మంచిదే. గానీ గీ బాక్సులు గొంతుకు జేసినయి గావు, దుమ్ము లేపనీకి జేసినయి. ఇగ జాలు, పోరగాండ్లు పాట పెట్టుమంటుండ్రు."

సమ్మవ్వ మైకు ఇచ్చేసింది. ఇంటికొచ్చి సత్తుపిండి గిన్నె గూట్లో పెడుతూ అంది:

"వచ్చే యేడు నేను పోను. పాడనీకి పోవాలె గానీ బొమ్మ లెక్క నిలవడనీకి ఎందుకు?"

"పోతవ్," అన్నాడు సారయ్య.

"ఏం జూస్కోని పోవాలె?"

"నీ మాట ఇనబడే పెట్టెలు నేను జేస్త."

"నువ్వా? నువ్వు బాయిల మొద్దులు నిలవెట్టినోనివి."

"పెట్టెలు గూడ కట్టెతోనే జేస్తరు గదనే."

సమ్మవ్వ నవ్వలేదు. గూటి తలుపు వేసింది. ఆ తలుపు చప్పుడుకే సారయ్యకు పంతం వచ్చింది.

స్పీకర్లు దొరకడం కష్టం కాలేదు. మెట్‌పల్లిలో మూతపడ్డ టాకీసు సామాను ఒక పాత ఇనుప దుకాణానికి చేరిందని విని, పోయి రెండు పది అంగుళాల స్పీకర్లు తెచ్చుకున్నాడు. కాగితపు గిన్నె, వెనక బరువైన అయస్కాంతం. మనిషి మాట వినిపించడానికే పుట్టినవి. క్వార్టర్లలో ఫ్యాన్లు బాగుచేసే గంగయ్య వాటికి వైర్లు కలిపి, చిన్న ఆంప్లిఫయరు ఒకటి జతచేసి ఇచ్చాడు. "సామాను సక్కగనే ఉన్నది. ఇగ పెట్టె ఎట్ల జేస్తవో గండ్లనే ఉన్నది అంత," అన్నాడు.

చెక్క గురించి సారయ్య ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. ఆ ప్రాంతంలో కట్టె అంటే టేకు. ఆదిలాబాద్ టేకు ఇంట్లో ఉంటే దాన్ని కాదని ఇంకోటి కొనేవాడు పిచ్చివాడి కింద లెక్క. ఇల్లు కట్టినప్పుడు దర్వాజలకు తెప్పించగా మిగిలిన పలకలు అటక మీద ఉన్నాయి. ఒక్కొక్కటి దింపి గోడకు ఆనించి కొట్టి చూశాడు. కొన్ని మందంగా పలికాయి, వాటిని పక్కన పెట్టాడు. కొన్ని గుడి గంటలా మోగాయి. వాటిని ఏరుకున్నాడు. రెండు వారాలు కోసి, చిత్రిక పట్టి, జిగురు పెట్టి, మరలు బిగించి రెండు పెట్టెలు నిలబెట్టాడు. అద్దం లాంటి పాలిష్. గల్లీ అంతా వచ్చి చూసి పోయింది.

సమ్మవ్వకు మైకు ఇచ్చి, తాను వాకిట్లో నిలబడ్డాడు. ఆమె రెండు వరుసలు పాడింది.

"ఎట్లుంది?" అన్నాడు.

"నువ్వే జెప్పాలె, బయట ఉన్నోనివి."

"నువ్వు సక్కగ పాడలే."

సమ్మవ్వ మైకు కింద పెట్టింది. "నలభై యేండ్ల సంది పాడుతున్న. గియ్యాల్నే పాడ రాకుంటయిందా? నేను పాడుతుంటె నా ఎన్కనే ఇంకెవలో కుండల మూతి వెట్టి మూలుగుతున్నరు. వాన్ని ఎల్లగొట్టు ముందుగాల."

సారయ్య రెండు రోజులు ఆ పెట్టెల వైపు చూడలేదు. ఆదిలాబాద్ టేకును అనే మాటేనా అది? పైగా దేవదాస్ ఆటో ఆపి, పాలిష్ మీద వేలు రాసి చూసి, "ఏం పెట్టెలు కాకా, ఏం పెట్టెలు! గిండ్ల పెండ్లి చీరలు దాసుకోవచ్చు," అని పోయాడు.

మూడో రోజు పొద్దున సమ్మవ్వను బతిమాలి మళ్లీ పాడించాడు. ఈసారి దూరంగా నిలబడలేదు. పెట్టె పక్కన కూర్చొని, బాయిలో కప్పుకు చేయి ఆనించినట్టు, పక్క పలకకు అరచేయి ఆనించాడు. పలక వణుకుతోంది. గట్టిగా నొక్కాడు. మూలుగు తగ్గింది, మాట తేట పడింది. చేయి తీశాడు, మూలుగు మళ్లీ వచ్చింది. నొక్కాడు, తీశాడు. సమ్మవ్వ పాట ఆపింది.

"ఏంది, నాడి పట్టి సూస్తున్నవా?"

"ఆగే ఆగే. మల్ల పాడు."

ఆమె పాడింది. అతను రెండు చేతులతో రెండు పక్కలా నొక్కి పట్టుకొని, కళ్లు మూసుకొని విన్నాడు. తాను ఎక్కడ తప్పాడో అప్పుడు తెలిసింది. పలకలు ఏరేటప్పుడు బాయిలో కప్పును ఎంచినట్టు ఎంచాడు. మోగేవన్నీ లోపల పెట్టుకున్నాడు, మోగనివి అవతల పారేశాడు. గుడి గంటలా మోగే చెక్క, సమ్మవ్వ ఒక మాట అంటే తానూ ఒక మాట అంటుంది. స్పీకరు ఆగినా అది ఆగదు. దాని రాగం దానిది.

"మోగే కప్పు మనిషిని బతికిస్తది. మోగే పెట్టె పాటను సంపుతది," అన్నాడు.

"అంటే ముప్పై యేండ్లు బాయిల నేర్సింది పెట్టెకు అక్కరకు రాదన్నట్టు."

"వస్తది. ఉల్టా జెయ్యాలె."

టేకు పెట్టెల్లోంచి స్పీకర్లు ఊడదీశాక, ఒకదాని కంతకు అడ్డంగా చెక్క కొట్టి, సమ్మవ్వ దాంట్లో కందిపప్పు పోసుకుంది. రెండోది సారయ్య పీటగా వాడుకున్నాడు. వాటి మీద అతనికి కోపం లేదు. మంచి కట్టెను రాని పనిలో పెట్టింది తానే.

ఇప్పుడు మోగని చెక్క కావాలి. రాంచందర్ ప్లైవుడ్ దుకాణానికి పోయి కోత ముక్కలు అడిగి తెచ్చుకున్నాడు. దేవదాస్ పెట్టెల్లో ఒకటి నిరుటి వానకు మూల ఊడిపోతే దాని ముక్క కాలువ పక్కన పడి ఉంది, అదీ తెచ్చాడు. రంపపు పొట్టును జిగురుతో అదిమి చేసిన బోర్డు అది. అన్నిటినీ వరసగా పెట్టి కొట్టాడు. పొట్టు బోర్డు పొడిగా, చచ్చినట్టు పలికింది. చెక్క నారను మెత్తగా నూరి అదిమిన ఎండీఎఫ్ ముక్క ఇంకా మందంగా, చద్దన్నం ముద్ద మీద కొట్టినట్టు పలికింది. మందపాటి ప్లైవుడ్ వీటికంటే కొద్దిగా పలికింది, టేకంత మాత్రం కాదు.

"మరి గా ముద్దదే మంచిది గదా," అంది సమ్మవ్వ ఎండీఎఫ్ చూపించి.

"సప్పుడుకు మంచిదే. గానీ బతుకమ్మ ఆడేది ఇంట్ల గాదు గద."

మూడు ముక్కలనూ నీళ్ల బకెట్లో వేశాడు. బతుకమ్మ నాటికి వానలు పూర్తిగా వెనక్కి పోవు. మైదానంలో తడి నేల ఉంటుంది, మంచు పడుతుంది. నాలుగు రోజులకు తీసి చూస్తే పొట్టు బోర్డు నానిన రొట్టెలా చేతిలోనే విరిగింది. ఎండీఎఫ్ అంచులు పూరీలా ఉబ్బాయి. తడికి ఓర్చే రకం ప్లైవుడ్ ముక్క తుడిస్తే ఎప్పటిలాగే ఉంది. పొరల్ని ఒకదానికొకటి అడ్డంగా పేర్చి అతికిన చెక్క అది. మర వేస్తే పట్టుకుంటుంది కూడా. ఆ కొద్దిపాటి మోత సంగతి తాను చూసుకోగలడు.

దుకాణంలో పద్దెనిమిది ఎం.ఎం. పలకలు ఏడు నిలబెట్టి ఉన్నాయి. సారయ్య మొదటి దాని మీద జానెడు జానెడు దూరంలో కొట్టుకుంటూ పోయాడు. రాంచందర్ కాసేపు చూసి, కాసేపు ఓర్చుకొని, చివరికి అన్నాడు:

"కాకా, అది ప్లైవుడ్. సొరకాయ గాదు."

"సొరకాయైతే గోరు గిచ్చి సూస్తుంటి సేటూ." సారయ్య ఆగాడు. ఒకే చోట రెండు సార్లు కొట్టాడు, జేబులోంచి సుద్దముక్క తీసి అక్కడ గుండ్రంగా గీత గీశాడు. "ఈడ లోపల డొల్ల ఉన్నది."

"మాల్ మంచిది కాకా. మీద ముద్ర సూడు."

"ముద్ర పైన ఉన్నది. డొల్ల లోపల ఉన్నది."

"గట్లంటె ఎట్ల? నీకేమన్న ఎక్స్‌రే కండ్లున్నయా?"

"కోసి సూపిస్త. డొల్ల లేకుంటె పలక నేను తీస్కపోత. ఉంటె, నేను ఏడింటినీ కొట్టి సూసుకునేదాక నువ్వు మాట్లాడొద్దు."

బేరానికొచ్చిన ఇద్దరు ముగ్గురు దగ్గరికి జరిగారు. రాంచందర్‌కు వెనక్కి తగ్గే దారి లేకపోయింది. గీత మీదుగా కోయించాడు. కోత అంచున మధ్య పొరలో వేలు దూరేంత ఖాళీ. రెండు ముక్కల నడుమ పొర అందక వదిలేసిన చోటు. అలాంటి చోట పెట్టె గోడ బుర్రుమంటుంది, కారణం బయటికి కనబడదు. సారయ్య చెవికి మాత్రం అది కొత్త కాదు. విడిపోయిన కప్పు పొర ఇలాగే పలికేది. బాయి పాఠం అంతా ఉల్టా కాదని తేలింది. డొల్ల భూమి కింద డొల్లే, దుకాణంలోనూ డొల్లే.

ఏడింటిలో మొత్తం మీద ఒకేలా, బరువుగా పలికినవి రెండు. అవే తెచ్చుకున్నాడు. అతను పోయాక రాంచందర్ మిగతా పలకల్ని తానూ ఒకసారి కొట్టి చూశాడని దుకాణంలో పనివాళ్లు చెప్పుకున్నారు. ఏమీ అర్థం కాలేదట.

పెట్టెలు కూర్చాక కూడా పెద్ద పలకల నడుమ భాగం కాస్త పలుకుతూనే ఉంది. ఇక్కడ సారయ్యకు ఎవరి సలహా అక్కర లేకపోయింది. గోడ వణుకుతోందా? దిమ్మె పెట్టు. మెటికతో కొట్టుకుంటూ పోయి ఎక్కడ ఎక్కువ పలుకుతుందో అక్కడ గుర్తు పెట్టాడు. అది సరిగ్గా మధ్యలో లేదు, కొంచెం పైకి ఉంది. ఎదురు గోడ దాకా కర్ర కొలిచి, కొలతకు వెంట్రుక వాసి ఎక్కువ కోసి, జిగురు పూసి సుత్తితో మెల్లగా తట్టి బిగించాడు. బాయిలో వేల దిమ్మెలు అలాగే నిలబెట్టాడు. ఇది జానెడున్నర దిమ్మె, అంతే తేడా. పెట్టెకు మూడు చొప్పున పెట్టాడు. వెనక గోడకు పాత పరుపు దూది పరిచాడు.

"నా పరుపు," అంది సమ్మవ్వ.

"నీ పాటకే గద."

మళ్లీ కొట్టి చూశాడు. దబ్. ఇంకోచోట. దబ్. బాయిలో ఇలాంటి చప్పుడు వింటే కేకవేసి అందరినీ వెనక్కి పంపేవాడు. ఇప్పుడు మీసం దువ్వుకున్నాడు.

ఆ సాయంత్రం సమ్మవ్వ మైకు పట్టుకొని, ఏం పాడాలో తోచక, కుక్కర్ మీద ఒక వరుస కట్టింది. గల్లీ చివర బోళ్లు తోముతున్న జ్యోతిరాణి తల ఎత్తకుండానే ఆ వరుసను అందుకొని తిరిగి పలికింది. రెండోదీ పలికింది. ఏదో పలుకుతున్నానని ఆమెకే తెలియలేదు. సారయ్య పెట్టెల వైపు కాదు, గల్లీ చివరకు చూశాడు. సమ్మవ్వ కూడా అటే చూసింది.

"పోదాం," అంది.

సద్దులనాడు పొద్దు వాలకముందే సారయ్య రెండు పెట్టెలూ తోపుడు బండి మీద వేసుకొని మైదానానికి వచ్చాడు. అక్కడ దేవదాస్ తన ఎనిమిదింటినీ గోడలా పేర్చుకొని ఉన్నాడు.

"కాకా, ఒక్క గ్రౌండుల రెండు సౌండులు ఉండయి."

"నీ సౌండు నువ్వు పెట్టుకో బిడ్డా. నేను ఆ మూలకుంట."

"నా ముంగట నీ డబ్బలు ఇనబడయి. ఊకె పరేషాన్ అయితవ్."

"ఇనబడకుంటె నీకేం ఫికర్?"

దేవదాస్ తన పెట్టెల వైపు తిరిగిపోయాడు. సారయ్య మైదానం చివర గంగయ్య కొట్టు నుంచి కరెంటు తీసుకున్నాడు. పెట్టెల్ని రెండు ఎత్తు స్టూళ్ల మీద, ఆడవాళ్ల చెవుల ఎత్తున పెట్టాడు. సమ్మవ్వ తంగేడు, గునుగు పేర్చిన బతుకమ్మను నేల మీద దించింది. మొదట పదకొండు మంది చేరారు, ఎక్కువగా నడుము నొప్పులవాళ్లు. అవతలి గుంపు మూడు వందలుంటుంది.

సమ్మవ్వ గొంతు సవరించుకుంది.

"మన గల్లి నల్లాకు ఉయ్యాలో
మాపటేల నీళ్లాయె ఉయ్యాలో"

పదకొండు గొంతులూ పలికాయి.

"ఎన్కున్న బిందె ఉయ్యాలో
ముందుకెట్ల పాయె ఉయ్యాలో
జ్యోతిరాణి నడుగుదాం ఉయ్యాలో
జోరెంతొ ఆమెది ఉయ్యాలో"

నల్లా దగ్గర బిందెల వరస తప్పించే జ్యోతిరాణి పేరు వినగానే నవ్వులు లేచాయి. ఆ నవ్వులే సారయ్యకు కొలత. మాట చేరితేనే నవ్వు వస్తుంది. జ్యోతిరాణి అవతలి గుంపులో ఉంది. "ఎవలు నా పేరు దీసింది?" అనుకుంటూ వచ్చి, తిట్టబోయి, చప్పట్లు కలిపింది. ఆమె వెంట నలుగురు. వాళ్ల వెంట ఇంకొందరు, తమ పేరు వస్తుందేమోనని కొందరు, రాకపోతే ఎట్లా అని కొందరు.

దేవదాస్ చూశాడు. చూసి, చప్పుడు పెంచాడు. నేల అదిరింది. ఛాతీలో ఎవరో గుద్దుతున్నట్టు మోత. సారయ్య ఆంప్లిఫయరు మీద చేయి వేసి, వేసిన చేయిని తీసేశాడు. పెంచి గెలవలేడు, ఆ సంగతి అతనికి తెలుసు. మోత నేల మీదుగా వస్తోంది, మాట చెవి ఎత్తున పోతోంది. మోత కింద నుంచి పోనివ్వాలి. ఒక పెట్టె అంచున గాలి లీకై సన్నగా బుస్సుమంటోంది, ఆ మూలకు జిగురు తక్కువైంది. దాని మీద బొటనవేలు అదిమి పట్టుకొని నిలబడ్డాడు.

సమ్మవ్వ కూడా గొంతు పెంచలేదు.

"దేవదాసు పెట్టెలు ఉయ్యాలో
ఎనిమిది జూడుండ్రి ఉయ్యాలో
మాట రాని పెట్టెలు ఉయ్యాలో
మూల్గుడె నేర్సె ఉయ్యాలో"

ఇప్పటికి వలయం యాభై దాటి పెట్టెల దాకా వచ్చింది. యాభై గొంతులు దేవదాస్ పేరు పలికాయి. అందరికంటే గట్టిగా పలికింది అతని తల్లి. పక్కింటామెతో ఎప్పుడు వచ్చి చేరిందో ఎవరూ చూడలేదు.

అవతల పాట ఒకటి అయిపోయింది. తర్వాతది వెంటనే మొదలు కాలేదు. దేవదాస్ మైదానం దాటి వచ్చాడు. తల్లిని చూసి "నువ్వు గూడ అవ్వా?" అన్నాడు. ఆమె చప్పట్లు ఆపలేదు. అతను సారయ్య దగ్గర నిలబడి పెట్టెల్ని కిందికీ మీదికీ చూశాడు. పాలిష్ లేదు, రంగు లేదు, అంచున పొరలు కనబడుతున్నాయి.

"ఏం కట్టె కాకా?"

"కొట్టి సూడు."

దేవదాస్ మెటికతో కొట్టాడు. దబ్. ఇంకోసారి కొట్టాడు.

"సప్పుడే వస్తలేదు."

"వస్తే నేనే ఇరగ్గొట్టి పొయ్యిల పెడుదు."

అవతల మూడు వందల్లో రెండు వందలకు పైగా ఇంకా అక్కడే ఉన్నారు. వాళ్లు పాట పెట్టమని కేకలు వేస్తున్నారు. దేవదాస్ అటు చూశాడు, ఇటు చూశాడు. మూడో చోట కొట్టబోతుంటే స్పీకర్లోంచి సమ్మవ్వ మాట, పాట కాదు, మామూలు మాట, మైదానం చివరిదాకా తేటగా వినబడింది:

"దేవదాసూ, సుట్టుల అడ్డం నిలవడకు. జర జరుగు బిడ్డా, మీ అవ్వ వస్తున్నది."

అతను జరిగాడు.